ఆదివారం పాట, అరుగు మీద అమ్మలు

వదినగారూ, బట్టలారేస్తున్నారా? ఆరేస్తూనే వినండి, పనేం ఆగదు. మూలింటి వాళ్ల పెద్దమ్మాయి కూడా బృందగానం మానేసిందట. ఎనిమిదో తరగతికి వచ్చింది కదా, ఐఐటీ ఫౌండేషన్ అట. ఇక పాట సంగతి దేవుడెరుగు, ఆ పిల్ల వీధిలోకి వస్తే అదే పదివేలు.

రామాలయం వెనక హాల్లో ఆదివారాలు పిల్లల చేత పాడిస్తున్నామా, కనబడ్డవాళ్లంతా అడిగేది ఒకటే. కొత్తగా ఎంతమంది చేరారూ అని. చేరడానికేం భాగ్యమండీ! వేసవి సెలవుల్లో అయితే కూర్చోడానికి చాపలు చాలవు. జూన్‌లో బళ్లు తెరిచాక ఎవరు మిగిలారన్నదే అసలు లెక్క. దసరా దాకా ఎలాగో లాక్కొస్తారు. సంక్రాంతి దాటిందంటే పరీక్షల గోల. నేను చూసినంతలో పాట మీద విసుగొచ్చి మానేసిన పిల్లలు బహు తక్కువ. ఇంట్లో వాళ్లకి ఓపిక అయిపోతుంది, పిల్ల మానేస్తుంది.

ఐదు నుంచి ఆరు అని చెబుతాం. ఆరూ నలభైకి కూడా చరణం తేలదు. బయట నాన్నగారు స్కూటర్ మీద కూర్చుని ఫోన్ చూస్తూ, లోపలికి తొంగి చూస్తూ ఉంటాడు. ఆ పూట ఏమీ అనడు పాపం. రెండు వారాలయ్యాక ‘పాపకి జలుబండీ’ అని మెసేజీ వస్తుంది. ఆ జలుబు మరి తగ్గదు! అందుకే నా మాట ఒకటే, ఆరంటే ఆరే. చరణం సగంలో ఉంటే ఉండనీ, వచ్చేవారం అందుకుంటారు.

ఇక సోలో గొడవ మీకు తెలియందేముంది. పల్లవి అందరూ పాడాలి, చరణం మాత్రం మా అమ్మాయి పాడాలి. ప్రతి తల్లికీ అదే కోరిక, తప్పని అనను. కానీ చరణాలన్నీ ఒక్క పిల్లకే కట్టబెడితే మిగతా ఇళ్లన్నీ కోరస్‌కి ఎందుకొస్తాయండీ? మేమిప్పుడు చరణాన్ని ఇద్దరిద్దరి చేత పాడిస్తున్నాం, ప్రోగ్రాం ప్రోగ్రాంకీ జతలు మారుస్తూ. బెరుకు పిల్ల పక్కన గట్టి గొంతు పిల్లని నిలబెడితే రెండోసారికి బెరుకు పిల్ల నోరు తెరుస్తుంది. ముందు వరస, వెనక వరస కూడా ఎత్తుని బట్టే. అందులో బేరాల్లేవు.

బట్టల సంగతి ఇంకా దారుణం. వారం ముందు ‘మెరూన్ పట్టు పరికిణీ, పసుపు జాకెట్టు’ అని గ్రూపులో పెడితే కొనలేని ఇల్లు ఏం చేస్తుంది? పిల్లకి జ్వరమని చెబుతుంది. మళ్లీ మొహం చూపించడానికి నామోషీ. ఇంట్లో ఉన్న తెల్ల బట్టలే కట్టుకు రమ్మని, ఒకే తానులోంచి చింపిన ఉత్తరీయాలు అందరి భుజాన వేశాం. దూరం నుంచి చూస్తే ఎంత నిండుగా ఉందనుకున్నారు!

అరుగు మీద కూర్చునే అమ్మల్ని, అమ్మమ్మల్ని ఊరికే కూర్చోబెట్టకూడదు వదినగారూ. రిటైరైన తెలుగు టీచరుగారు ఒకావిడ మనవరాలిని దింపడానికి వచ్చేవారు. ‘శ’ని ‘స’ చేసి, ‘ళ’ని ‘ల’ చేసి పాడేస్తుంటే ఆవిడకి ప్రాణం విలవిల్లాడేది. ఉచ్చారణ మీరే చూసుకోండి అని సాహిత్యం కాగితాలు చేతిలో పెట్టాం. ఇప్పుడు మనవరాలు బద్ధకించినా ఆవిడ ఊరుకోరు, చెయ్యిపట్టుకు లాక్కొస్తారు. శ్రుతి పెట్టె ఒక తాతగారిది, మైకు సెట్టు ఒక నాన్నగారిది. పని ఉన్న మనిషి మానడు.

ఇవన్నీ మనం కనిపెట్టినవి కావులెండి. ధనుర్మాసంలో తెల్లారుజామున తిరుప్పావై ముప్పై పాశురాలకి పిల్లలు చలిలో ఎందుకు లేచి వచ్చేవారు? పొంగలి, దద్ధోజనం. పైగా నాయనమ్మ ఎలాగూ గుడికి బయల్దేరుతుంది. చర్చిల్లో సండే స్కూలు పిల్లల పాట ఏళ్ల తరబడి నిలుస్తుందంటే ఇంటిల్లిపాదీ ఆ పూట అక్కడే ఉంటారు గనక. పిల్లని దింపడం, ఎక్కించుకోవడం అనే బెడదే లేదు. రేడియోలో పిల్లల కార్యక్రమం నడిపిన న్యాయపతి రాఘవరావుగారు, కామేశ్వరిగారు కూడా పిల్లల్ని ఇంటివాళ్లలాగే కలుపుకున్నారు. ఆ దంపతులు ఊళ్లో పిల్లలందరికీ అన్నయ్య, అక్కయ్య అయిపోయారు. 1940లో మద్రాసులో బాలానంద సంఘం పెట్టి, రేడియో స్టేషన్‌కి రాలేని పిల్లల్ని కూడా కలుపుకున్నారు.

అసలు బాధ మగపిల్లలతో. పదేళ్ల దాకా ఆడపిల్లలతో సమానంగా ఐదు శ్రుతికి హాయిగా పాడతారు. పన్నెండు, పధ్నాలుగేళ్ల మధ్య గొంతు మారి, దాదాపు ఒక స్థాయి కిందికి దిగిపోతుంది. దిగేటప్పుడు ఒక్కసారిగా దిగదు. పాడుతూ పాడుతూ ఉండగా కీచుమంటుంది, పక్కవాడు కిసుక్కుమంటాడు. మర్నాటి నుంచి వాడు క్రికెట్టుకి పోతాడు. ‘గొంతు పోయింది’ అని ఇంట్లో వాళ్లు కూడా తేల్చేస్తారు. పోలేదండీ, ఎదుగుతోంది. ఆ కొన్నాళ్లు పై స్వరాలకి అరవనివ్వకుండా కింద షడ్జం పట్టుకోమనాలి, తాళం వేయమనాలి, కంజీర చేతికివ్వాలి. మద్రాసు యూత్ క్వయిర్ నడిపిన ఎం.బి. శ్రీనివాసన్‌గారి బృందగానాల్లో వినండి, ఆడగొంతులది ఒక వరస, మగగొంతులది వేరే వరస. రెండూ కలిస్తేనే ఆ నిండుదనం. ఆయన 1988లో పోయారు, బృందం మాత్రం పాడుతూనే ఉంది. మనవాళ్లేమో అందరి చేతా ఒకే వరస పాడిస్తారు, మగపిల్లవాడికి చోటెక్కడిది?

ట్యూషన్లకి మాత్రం నా దగ్గర మందు లేదు. పదో తరగతి పిల్లల్ని పరీక్షలయ్యే దాకా రమ్మని పీడించం, పేరు మాత్రం కొట్టెయ్యం. ఉగాది పాటలకి కాగితం ఇంటికి పంపుతాం. ఎవరో ఒకరు వస్తారు.

మీ చిన్నవాడు గొంతు మారిందని సిగ్గుపడి కిందటేడు మానేశాడుగా, ఈ ఆదివారం పంపండి. కంజీర వాయించేవాడు లేక అవస్థ పడుతున్నాం. మీ అత్తగారిని కూడా తీసుకురండి, పాత పాటల వరసలు ఆవిడకి బోలెడన్ని వచ్చు. కుర్చీ వేయిస్తాం.