పాకిసాండ్రాకు మందు కొట్టే ముందు

న్యూజెర్సీ, పెన్సిల్వేనియా శివార్లలో ఇల్లు కొన్న మనవాళ్లలో చాలామందికి ఇంటితోపాటే వచ్చే మొక్క పాకిసాండ్రా. పాత మేపుల్ చెట్ల కింద, గడ్డి బతకని నీడలో, జానెడు ఎత్తున ఏడాది పొడవునా పచ్చగా పరుచుకుని ఉంటుంది. పుట్టిల్లు జపాన్, చైనా. భూమిలో కాడలు పాకించుకుంటూ తనంతట తానే విస్తరిస్తుంది, జింకలు సాధారణంగా ముట్టవు. అందుకే దాన్ని ఎవరూ పట్టించుకోరు, ఏదో ఒక వసంతంలో మధ్యమధ్య గోధుమరంగు మచ్చలు తేలేదాకా. అప్పుడు చెయ్యి ముందు నీళ్ల గొట్టం మీదికి, అది పనిచేయకపోతే మందు సీసా మీదికి పోతుంది. నా దృష్టిలో రెండూ తొందరపాటే. ముందు తేల్చుకోవలసింది, ఆ మొక్క చుట్టూ ఏం మారిందన్నది.

మార్చిలో ఆకుల అంచులు మాడి కనిపిస్తే అది తెగులు కాకపోవచ్చు. నేల గడ్డకట్టిన రోజుల్లో వేరు నీటిని అందించలేదు, చలిగాలీ ఎండా మాత్రం ఆకులోని తేమను లాగేస్తూనే ఉంటాయి. కొత్త చిగురు వస్తే ఆ మాడు కప్పబడిపోతుంది. ఆకు మొత్తం పాలిపోతే ఎండ ఎక్కువైందని అనుమానించాలి. ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపైతే మట్టిలో క్షారం పెరిగి ఇనుము అందడం లేదేమో చూడాలి. అసలు తెగులైన వాల్యుటెల్లా వేరేగా ఉంటుంది: ఆకు మీద వలయాలు వలయాలుగా గోధుమ మచ్చలు, కాడ మీద నల్లబడి కుళ్లిన చోట్లు, తడి వాతావరణంలో వాటి మీద గులాబీ, నారింజ కలిసిన రంగు బీజాల ముద్దలు. ఈ శిలీంధ్రం ఎక్కువగా ఎండకు కమిలిన, చలికి దెబ్బతిన్న, పొలుసు పురుగులు పీల్చిన, కత్తిరింపు గాయం ఆరని మొక్కనే పట్టుకుంటుంది. అంటే అది రెండో దొంగ. తలుపు తీసిపెట్టింది వేరొకటి.

ఇరవై ఏళ్లుగా బాగున్న చోటు ఇప్పుడెలా చెడ్డదవుతుందని అడగవచ్చు. మొక్క అక్కడే ఉన్నా చోటు అలాగే ఉండదు. పక్కింటివాళ్లు ఓక్ చెట్టు కొట్టిస్తే మధ్యాహ్నపు ఎండ నేరుగా పడుతుంది. ఏళ్ల తరబడి రాలిన ఆకులు పేరుకుని, కాడలు కిక్కిరిసి, లోపల గాలి ఆడదు. మందు పనిచేయదా అంటే, కొంత పనిచేస్తుంది. వసంతంలో కొత్త చిగురుకు సోకకుండా అడ్డుకుంటుంది, మాడిన ఆకును మాత్రం మళ్లీ పచ్చగా చేయదు. చుట్టూ ఉన్న తడి తగ్గకపోతే ఏటా అదే ఖర్చు. మన ఊరి మే ఎండల్లో వాడిన మొక్కకు నీళ్లు పోయడం సరైన పనే కానీ, ఏడాది పొడవునా వానలుండే చోట సాయంత్రం స్ప్రింక్లర్‌తో ఆకులు తడపడమంటే బూజుకు విందు పెట్టడమే. అలాగని నీళ్లే వద్దని కాదు. మేపుల్ వేళ్లు పైపైనే ఉండి మట్టిని పీల్చేస్తాయి కాబట్టి ఆగస్టులో వేలు గుచ్చి చూసి, పొడిగా ఉంటే పొద్దున్నే మొక్కల మొదళ్లలో పోయాలి.

మచ్చలు పడ్డ కాడలను ఆకులు పొడిగా ఉన్న రోజునే తీసేయాలి. గుబురుగా ఉన్నచోట పలచన చేసి, రాలిన ఆకులను శరత్కాలంలోనే ఎత్తేయాలి. తీసినవాటిని కంపోస్టులో వేయకండి. ఎండ శాశ్వతంగా వచ్చిపడిన మేర మాత్రం ఈ మొక్కను వదులుకుని ఎండను తట్టుకునే మరోటి పెట్టుకోవడం చవక.

నా వాదనకు లొంగనిది ఒకటుంది, బాక్స్‌వుడ్ బ్లైట్. అమెరికాలో 2011లో బయటపడ్డ ఈ తెగులు ఆరోగ్యంగా ఉన్న మొక్కనూ వదలదు. పాకిసాండ్రా, బాక్స్‌వుడ్ ఒకే కుటుంబానివి కాబట్టి ఒకదాన్నుంచి మరొకదానికి అంటుతుంది. పక్కనే బాక్స్‌వుడ్ కంచె ఆకులు రాల్చేస్తుంటే, లేదా ఈమధ్యే నర్సరీ నుంచి కొత్త మొక్కలు తెచ్చి నాటి ఉంటే ఊహలతో పని లేదు. మచ్చలున్న కాడలు నాలుగు సంచిలో కట్టి రట్గర్స్ విశ్వవిద్యాలయపు మొక్కల వ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకు పంపాలి, ఫలితం వచ్చేదాకా ఆ కాడలు కోసిన కత్తెరను మరో మొక్కకు తాకించకూడదు.