టైరు ఒక చుట్టు, షాఫ్ట్ ఎన్ని చుట్లు?

నల్లటి పికప్ ట్రక్కు. 35 అంగుళాల టైర్లు. చూడగానే పడిపోయా. ఫొటో తీసి నాయనకి వాట్సాప్‌లో పెట్టా. రెండు నిమిషాల్లో ఫోన్.

"బండి బాగుండాది పాపా. క్రౌను ఎంత?"

క్రౌన్ ఏంటో నాకు తెలిస్తే కదా!

ఉండేది డెన్వర్‌లో. గ్రీన్‌కార్డు చేతికొచ్చిన ఏడాదే ఉద్యోగం మానేసి దోసెల ట్రైలర్ పెట్టుకున్నా. దాచుకున్న డబ్బులో సగం ట్రైలర్‌కే అయిపోయింది. మిగిలినదాంట్లో దాన్ని లాగే ట్రక్కు కొనాలి. పెనం, గ్యాస్ సిలిండర్లు, నీళ్ల ట్యాంకు, పిండి అన్నీ ఎక్కిస్తే ట్రైలర్ బరువు 6,500 పౌండ్లు, అంటే దాదాపు 2,950 కిలోలు. శని, ఆదివారాలు కొండల అవతలి ఊళ్లలో అమ్మకం. మధ్యలో ఐ-70 రోడ్డు మీద ఐసెన్‌హోవర్ టన్నెల్. ఎత్తు 11,158 అడుగులు.

నాయన ముప్పై ఏళ్లు లారీ తోలాడు. మదనపల్లె టమోటా ఎక్కించుకుని పలమనేరు దాటి, మొగిలి ఘాట్ దిగి చెన్నైకి. స్కూల్ ఫారాల్లో తండ్రి వృత్తి దగ్గర నేను 'బిజినెస్' అని రాసేదాన్ని. లారీ గురించి ఆయన్ని ఒక్క ప్రశ్న అడిగింది లేదు, ఆరోజు దాకా.

వీడియో కాల్‌లో స్టీలు గ్లాసు తిప్పుతూ చెప్పాడు. ఇంజిన్ తిప్పుడు షాఫ్ట్ మీదుగా వెనక యాక్సిల్‌కి వస్తుంది. అక్కడ చిన్న పినియన్ పెద్ద క్రౌన్ చక్రాన్ని తిప్పుతుంది. పినియన్‌కి 11 పళ్లు, క్రౌన్‌కి 41 ఉంటే 41ని 11తో భాగించాలి. 3.73. టైరు ఒక్కసారి తిరగాలంటే షాఫ్ట్ 3.73 సార్లు తిరగాలన్నమాట. అంకె పెద్దదైతే లాగుడు ఎక్కువ. ఇంజిన్ కూడా ఎక్కువ తిరుగుతుంది, పెట్రోలూ తాగుతుంది.

"చిన్న చిన్న మెట్లయితే మూట నెత్తిన పెట్టుకోని గూడా ఎక్కొచ్చు పాపా. అడుగులు ఎక్కువ పడతాయి, అంతే."

నల్ల ట్రక్కు డోర్ స్టిక్కర్ మీది కోడ్ చూస్తే 3.31. ప్రకటనలో గొప్పగా వేసిన లాగుడు బరువు అదే ఇంజిన్‌కి పెద్ద అంకె యాక్సిల్ ఉన్నప్పటిది! పైగా కంపెనీ టైర్లు 32 అంగుళాలవి. 35 వేస్తే 3.31 కాస్తా 3.03 లాగా పనిచేస్తుంది. ఇక టర్బో లేని ఇంజిన్ ఆ ఎత్తుకి వెళ్లేసరికి గాలి పలచనై సుమారు మూడోవంతు బలం పోగొట్టుకుంటుంది. నేను మోజుపడిన టైర్లే నా కొంప ముంచేవి.

క్రౌన్ మార్పించొచ్చు కదా అంటారేమో. అది ఫోర్ వీల్ డ్రైవ్. ముందూ వెనకా రెండూ ఒకే రేషియోకి మార్చాలి. మెకానిక్ 2,800 డాలర్లు చెప్పాడు. దండం పెట్టి వచ్చేశా.

రెండో బండి తెల్లది. పక్కన గీతలు, 25,000 మైళ్లు ఎక్కువ తిరిగింది. ఇంజిన్, ఆరు గేర్ల బాక్సు అవే. స్టిక్కర్ మీద 3.73. నాయన నమ్మలేదు. "మధ్యలో ఎవరన్నా మార్చి ఉంటేనో? సుద్దముక్క తీస్కో."

టైరు మీద ఒక గీత, షాఫ్ట్ మీద ఒక గీత. న్యూట్రల్‌లో పెట్టి అమ్మేవాడు మెల్లగా తోస్తుంటే, నేను పక్కన నేల మీద బోర్లా పడుకుని లెక్కపెట్టా. టైరు ఒక చుట్టు తిరిగేసరికి షాఫ్ట్ మూడు చుట్లు, ఇంకో ముప్పావు కంటే పిసరంత తక్కువ. ఫోన్‌లో నాయన కూడా నాతోపాటే లెక్కపెడుతున్నాడు, గట్టిగా.

అయినా నాకు పీకుతూనే ఉంది. గంటకి 65 మైళ్ల దగ్గర టాప్ గేర్‌లో 3.31 కన్నా ఇంజిన్ నిమిషానికి 200 చుట్లు ఎక్కువ తిరుగుతుంది. పెట్రోలు ఎవరు పోస్తారు? పోనీ, లాగడమే ముఖ్యమైతే 4.10 ఎందుకు వద్దు?

"వారానికి లోడు ఎన్నిరోజులు, ఖాళీ ఎన్నిరోజులు? ముందు అది చెప్పు" అన్నాడు. లోడు రెండు రోజులు, ఖాళీ ఐదు. "అయితే 3.73 చాలు. ఓనరు మైలేజీ చూస్తాడు, డ్రైవరు ఘాట్ చూస్తాడు. నువ్వు ఇద్దరూనూ."

(పది గేర్ల కొత్త బళ్లలో కింది గేర్లే బలంగా ఉంటాయి కాబట్టి ఈ తేడా అంతగా తెలియదు. నాకు అంత డబ్బు లేదు. క్రౌన్ సరిపోయినా ట్రైలర్ బ్రేకులు, హిచ్ మోసే బరువు విడిగా చూసుకోవాల్సిందే.)

మొదటి శనివారం లారీల వెనకే 45 మైళ్ల స్పీడులో టన్నెల్ దాకా ఎక్కాను. ఇంజిన్ అరిచింది గానీ గేర్‌బాక్స్ వేడి ముల్లు కదల్లేదు. రాత్రి నాయన ఫోన్. ఎన్ని దోసెలు అమ్మావని అడగలేదు.

"దిగేటప్పుడు బ్రేకు వాసన వచ్చిందా?"

"రాలేదు నాయనా."

"ఏ గేర్లో దిగినావు?"

"ఎక్కిన గేర్లోనే."

"సరే, పడుకో" అన్నాడు. ఫోన్ మాత్రం పెట్టలేదు.