వాసనే ఆ ఊరి చిరునామా

బస్సు తలుపు తెరుచుకోగానే ఆవిడ గట్టిగా ఊపిరి పీల్చింది. కూతురు గబుక్కున తల్లి మొహంలోకి చూసింది. తుంగ్‌చుంగ్‌లో పదకొండో నంబరు బస్సెక్కిన దగ్గర్నుంచీ దాదాపు గంటసేపు కొండ మలుపులే మలుపులు. వాంతి అవుతుందేమోనని చేతిలో ప్లాస్టిక్ కవరు పట్టుకునే కూర్చుంది. కానీ తల్లి మొహంలో వికారం లేదు సరికదా... వచ్చి రెండు వారాలైనా కనపడని వెలుగేదో కనిపించింది.

"ఏవే, ఇక్కడెక్కడో రొయ్యపొట్టు ఎండేశారే!" అంది ఆవిడ.

ఆ ఊరి పేరు తై ఓ. హాంకాంగ్‌లోని లాంటావ్ ద్వీపానికి పడమటి కొసన, పెర్ల్ నది సముద్రంలో కలిసేచోట ఉంటుంది. అద్దాల మేడలకు పెట్టింది పేరైన హాంకాంగ్‌లో ఇంకా మిగిలి ఉన్న పాతకాలపు చేపలపల్లె. ఆ ఊరి బోర్డు చదవడం రాకపోయినా ఫర్వాలేదు. కళ్లు మూసుకుని దిగినా ఎక్కడికొచ్చామో ముక్కే చెప్పేస్తుంది!

ఆకలి లేని అమ్మ

ఆవిడది కాకినాడ దగ్గర ఉప్పాడ తీరం. భర్త వేటకెళితే, తెచ్చిన చేపల్లో అమ్ముడుపోనివి ఉప్పేసి ఎండబెట్టి సంతల్లో అమ్మేది. ఆ డబ్బుతోనే కూతుర్ని విశాఖపట్నంలో ఇంజినీరింగ్ చదివించింది. భర్త పోయాక ఒంటరిగా ఉంటోందని కూతురు బలవంతాన హాంకాంగ్ తీసుకొచ్చింది. ఇరవయ్యో అంతస్తులో ఇల్లు. అన్నీ ఉన్నాయి. ఆవిడకి ఆకలి ఒక్కటే లేదు. హోటల్‌కి తీసుకెళితే ప్లేటులో ఉన్నది అటూ ఇటూ కదిపి వదిలేసేది. ఇంట్లో వండినా రెండు ముద్దలే. "వయసైపోయింది కదే" అనేది.

అసలు సంగతి వేరే. ఉప్పాడ నుంచి వస్తూ ఆవిడ పెట్టెలో అరకిలో రొయ్యపొట్టు తెచ్చింది. కూతురు దాన్ని నాలుగు కవర్లలో చుట్టి ఫ్రిజ్ అడుగున దాచేసింది. వండితే పక్క ఫ్లాట్లకి వాసన పోతుందని భయం. ఆ భయం ఈనాటిది కాదు. హాస్టల్లో ఉన్నప్పుడు అమ్మ పంపిన ఎండుచేపల వేపుడు డబ్బా మూత తీయగానే గదిలోని అమ్మాయిలు ముక్కులు మూసుకుని, కిటికీలు తెరిచి, సెంటు కొట్టారు. ఆ రోజు అందరితోపాటు తనూ నవ్వేసింది. తర్వాత, "ఇంక పంపకమ్మా, మెస్‌లో బాగానే పెడుతున్నారు" అని ఫోన్ చేసింది. తల్లి ఎందుకని అడగలేదు. పంపడం మానేసింది.

అలాంటి అమ్మాయి తల్లిని తై ఓ ఎందుకు తీసుకొచ్చిందంటే, ఎనిమిదేళ్ల కొడుకు పట్టుబట్టాడు కాబట్టి. స్కూలు వాళ్లు ఓసారి తీసుకొచ్చారట. "అమ్మమ్మకి చూపిస్తా, అక్కడ ఇళ్లు నీళ్లలో నిలబడి ఉంటాయి" అన్నాడు.

నీటి మీద కాళ్లున్న ఇళ్లు

నిజంగానే నిలబడి ఉంటాయి. వంతెన మీద నుంచి చూస్తే పాయకి రెండు పక్కలా గుంజల మీద రేకుల ఇళ్లు. వాటిని 'పాంగ్ ఉక్' అంటారు. కట్టినవాళ్లు టాంకాలు... తరతరాలుగా పడవల్లోనే పుట్టి పెరిగిన మత్స్యకారులు. పడవ దిగినా నీటిని వదల్లేక నీళ్లలోనే గుంజలు పాతుకున్నారు. పోటుకి నీళ్లు ఇంటి కిందదాకా వస్తాయి, ఆటుకి బురద బయటపడుతుంది. ఇప్పుడు వంతెన ఉన్నచోట 1996 వరకూ తాడు లాగితే కదిలే బల్లకట్టు ఉండేది. లాగేది ఊళ్లోని ఆడవాళ్లే!

ఈ ఇళ్లు పడని కష్టం లేదు. 2000 సంవత్సరంలో పెద్ద అగ్నిప్రమాదం జరిగి పదుల కొద్దీ ఇళ్లు బూడిదయ్యాయి. 2008లో హగుపిట్, 2017లో హాతో, 2018లో మంగ్‌ఖూట్ తుపాన్లు వచ్చినప్పుడు సముద్రం ఊళ్లోకే వచ్చేసింది. "మళ్లీ అక్కడే కట్టుకున్నారా?" అని అడిగిందావిడ. అవునన్నాడు మనవడు. తీరం కోతకి గురై ఇల్లు రెండుసార్లు వెనక్కి జరుపుకున్న మనిషి కదా... ఆవిడ ఇంకేం అడగలేదు.

నోరూరించే వీధి

వంతెన దాటితే అంగళ్ల వీధి. ఎంత ఇరుకంటే, ఎదురుగా ఇద్దరొస్తే ఒకరు పక్కకి ఒదగాల్సిందే. ఆదివారమైతే నగరం మొత్తం ఇక్కడికే వచ్చిందా అనిపిస్తుంది. ఒకచోట బొగ్గుల కుంపటి మీద ఇనుప అచ్చు తిప్పుతూ గుడ్ల వాఫిల్స్ కాలుస్తున్నారు. మన గుంతపొంగణాల్లా బుడిపెలు బుడిపెలుగా ఉంటాయి, పైన కరకర, లోపల మెత్తన. మనవడు మొదట దాని దగ్గరే ఆగాడు. ఇంకోచోట ఎండు స్క్విడ్ (కోస్తావాళ్లు కండవా అంటారు) నిప్పుల మీద కాల్చి, చపాతీలా పల్చగా అయ్యేలా రోలర్ల మధ్య నొక్కి, ముక్కలు చేసి ఇస్తున్నారు. నమిలేకొద్దీ తీపీ ఉప్పూ కలిసి ఊరతాయి. ఆ పక్కనే కూర పులుసులో ఉడుకుతున్న చేప ఉండలు. పేరు కర్రీ అయినా మన కారానికి అలవాటుపడిన నాలుకకి అది పిల్లల వంటే.

అందరూ బారులు తీరేది మాత్రం 'సా యోంగ్' కోసం. గుడ్లు బాగా వేసి కలిపిన పిండిని నూనెలో వేయించి, వేడి మీదే పంచదారలో పొర్లిస్తారు. చూడ్డానికి మైసూరు బోండాలా ఉంటుంది. కొరికితే పైన పెళుసు, లోపల జున్నులా తడితడిగా మెత్తదనం. ఆవిడ భయపడుతూ ఒక ముక్క తుంచుకుంది. తర్వాత మనవడి చేతిలోది కూడా తినేసింది!

ఓ ముసలావిడ ఆవిరి బుట్టలోంచి 'చా గ్వో' తీస్తోంది. జిగురుబియ్యప్పిండి తొక్కు, లోపల వేరుసెనగ, నువ్వుల పూర్ణం... అచ్చం మన పూర్ణం కుడుములే అనుకోవచ్చు. కింద అరిటాకు ముక్క కూడా ఉంది. వాటిలో నల్లగా ఉన్నవాటిలో ఏదో ఆకు కలిపారని మనవడు దాని పేరు అడిగి, పడీపడీ నవ్వాడు. ఆ తీగ పేరుకి అర్థం 'కోడిరెట్ట తీగ' అట! నలిపితే వాసన అలాగే ఉంటుందట. పిండిలో కలిపి ఉడికిస్తే మాత్రం ఆ వాసన జాడే లేదు. "పేరుని బట్టి దేన్నీ పారెయ్యకూడద్రా" అంది అమ్మమ్మ రెండోది అందుకుంటూ.

కాగితం టోపీల చేపలు

ఇంకాస్త ముందుకెళితే చిరుతిళ్ల వాసన వెనకబడి ఎండుచేపల వాసన మొదలవుతుంది. కొట్ల ముందు చేపలు తలకిందులుగా వేలాడుతుంటాయి. తలలకి కాగితం చుట్టి ఉంటుంది, టోపీలు పెట్టుకున్నట్టు. ఈగలు వాలకుండా ఆ ఏర్పాటు. వీటిలో రెండు రకాలు. పట్టిన వెంటనే ఉప్పేసేవి గట్టిగా, కండ విడివిడిగా ఉంటాయి. కొంచెం పులియనిచ్చి తర్వాత ఉప్పేసేవి మెత్తగా, ఘాటుగా ఉంటాయి. చిన్నముక్క అన్నం మీద పెట్టి ఆవిరికి ఉడికిస్తే గిన్నెడన్నం చెల్లిపోతుంది. ఒకప్పుడు బీదవాళ్ల నంజుడు. ఇప్పుడు మంచి రకం కొనాలంటే జేబు తడుముకోవాలి. ఈ తరహా ఉప్పుచేప అదేపనిగా తింటే ముక్కు వెనక భాగంలో క్యాన్సర్ వచ్చే ప్రమాదం పెరుగుతుందని శాస్త్రజ్ఞులు తేల్చారు కాబట్టి, ఈ రుచి నంజుకోవడం వరకే ఉంటే మంచిది.

ఆవిడ ఒక చేప దగ్గర ఆగి మొప్పల కింద చూసింది. "ఇది మాగ కదే!" అంది. నిజమే, హాంకాంగ్ వాళ్లు ఉప్పుచేపల్లో మేలురకంగా చెప్పుకునేది ఆ జాతినే. కొట్టాయన తెల్లబోయి చూసి, బొటనవేలు పైకెత్తి నవ్వాడు. పక్కన పళ్లేల్లో నారింజరంగు బిళ్లల్లా ఉప్పు గుడ్ల సొనలు ఎండుతున్నాయి. ఫొటోలు తీసుకునేవాళ్లు వాటి చుట్టూ మూగారు. ఎండుచేపల పక్కన నిలబడి అమ్మాయిలు నవ్వుతూ ఫొటోలు దిగుతున్నారు. ముక్కు మూసుకున్నవాళ్లు ఒక్కరూ లేరు. కూతురు వాళ్లనే చూస్తూ కాసేపు అక్కడే ఉండిపోయింది.

చేటలో సముద్రం

బస్సు దిగగానే పలకరించిన వాసన ఎక్కడిదో వీధి చివర్న తెలిసింది. గుండ్రటి వెదురు చేటల్లో ఊదారంగు ముద్ద పరిచి ఎండకి పెట్టారు. అదే 'హా చ్యోంగ్'... రొయ్యల ముద్ద. గోరంత కూడా ఉండని వెండిరంగు రొయ్యలకి ఉప్పు కలిపి, మెత్తగా రుబ్బి ఎండబెడతారు. తడి ఉండగానే సీసాలకెత్తేది ఒకటి, బాగా ఎండనిచ్చి దిమ్మెలుగా కోసేది ఇంకొకటి. ఒకప్పుడు ఈ ఊళ్లో ఉప్పు మడులూ ఉండేవి. అంటే రొయ్య, ఉప్పు, ఎండ... మూడూ ఊరివే.

చేటల దగ్గర కూర్చున్న ముసలావిడకి ఎనభై దాటి ఉంటాయి. ఉప్పాడ ఆవిడ వెళ్లి ఎదురుగా గొంతుకూర్చుంది. ఒకరి భాష ఒకరికి రాదు. ఈవిడ చేట వైపు చూపించి, సూర్యుడి వైపు చూపించి, చెయ్యి తిప్పింది. 'తిరగేశావా?' అని. ఆవిడ తలూపి రెండు వేళ్లు చూపించింది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ తర్వాత మనవడు నడుమ దుబాసీ అయ్యాడు.

"అమ్మమ్మా, ఈ రొయ్యలు ఇక్కడివి కావంట. ఇప్పుడిక్కడ పట్టకూడదంట."

కూతురు మిగతాది చెప్పింది. 2012 డిసెంబరు 31 నుంచి హాంకాంగ్ జలాల్లో వలలు ఈడ్చే మరపడవల్ని నిషేధించారు. ఆ వలలు సముద్రం అడుగుని గీకేసి, చేప పిల్లల్ని కూడా మిగల్చకుండా ఊడ్చేస్తున్నాయి. మత్స్యసంపద కోలుకోవాలంటే వేరే దారి లేదన్నారు. పడవలవాళ్లకి పరిహారం ఇచ్చారు. కానీ ఈ వెండి రొయ్యల్ని పట్టిందీ ఆ వలలతోనే. అందుకే ముద్ద చేసేవాళ్లు ఇప్పుడు సరుకు చైనా ప్రధాన భూభాగం వైపు నుంచి తెప్పించుకుంటున్నారు.

"మాకు ఏటా రెండు నెలలే నిషేధం. ఏప్రిల్ సగంనుంచి జూన్ సగందాకా. వీళ్లకి ఎప్పటికీనా?" అంది ఆవిడ. కాసేపాగి, "మంచిదేలే. గుడ్డు పెట్టేదాన్ని కూడా పట్టేస్తే ఇంక సముద్రంలో ఏం మిగులుద్ది? కానీ చెయ్యి ఊరుకోదు కదా" అంది.

పిల్లలెక్కడున్నారని అడగమంది. ముసలావిడ నగరం వైపు చెయ్యి చూపించింది. ముగ్గురూ అక్కడే, పండక్కొస్తారు. వాళ్లకి ఈ పని వద్దంట. "ఈ వాసన వద్దన్నారా?" అని అడిగింది ఉప్పాడ ఆవిడ. మనవడు ఆ మాట అడిగాడో లేదో తెలియదు. కూతురు మాత్రం తల దించుకుని సీసాల మీద రాతలు చదువుతున్నట్టు నిలబడింది.

మధ్యాహ్నం నీటి ఒడ్డున చిన్న హోటల్లో భోజనం చేశారు. ఆవిరికి ఉడికించిన చేప, అల్లం, ఉల్లికాడలు. వేయించిన నత్తగుల్లలు. ఆపైన ఓ పళ్లెం నిండా నిగనిగలాడే ఆకుకూర వచ్చింది. "తూటికూర!" అంది ఆవిడ. మనూళ్లలో చెరువుగట్ల మీద దొరికే కూరే. సన్నగా తరిగిన మిరపకాయలు, చెంచాడు రొయ్యల ముద్ద వేసి పెద్దమంట మీద క్షణాల్లో వేయించారు. వండేటప్పుడు గుప్పుమన్న వాసన నోట్లోకొచ్చేసరికి కమ్మటి రుచైపోయింది. ఆవిడ అన్నం రెండోసారి పెట్టించుకుంది. రెండు వారాల్లో అదే మొదటిసారి.

వెళ్లేముందు చేటల దగ్గరికి మళ్లీ వెళ్లి ఓ సీసా కొన్నారు. ముసలావిడ డబ్బు తీసుకుని, చిన్న దిమ్మె ఒకటి కాగితంలో చుట్టి ఉప్పాడ ఆవిడ చేతిలో విడిగా పెట్టింది. దానికి డబ్బు వద్దంది.

సాయంత్రం ఇంటికొచ్చేదారిలో మార్కెట్లో తూటికూర కట్ట కొన్నారు. కూతురు ఫ్రిజ్ తెరిచి, అడుగునుంచి ఆ పొట్లం తీసింది. నాలుగు కవర్లూ ఒక్కొక్కటే విప్పి రొయ్యపొట్టు తల్లి ముందు పెట్టింది. ఆవిడ ఏమీ అనలేదు. కొంగు బిగించి, బాణలి పొయ్యి మీద పెట్టింది. రొయ్యపొట్టు చిటపటమనడం మొదలెట్టగానే వెనక్కి తిరిగి చూసింది.

"అమ్మాయ్, తలుపెయ్యి. పక్కోళ్లకి వాసనెళ్తాది."

కూతురు గిన్నెలు సర్దుతూ తల తిప్పకుండానే చెప్పింది.

"వెళ్లనీ అమ్మా."