లేసు గుడ్డ కింద జ్వరం

రండి, కూర్చోండి. కాఫీ వచ్చేలోగా ఒక మాట అడుగుతా. మీ ఇంట్లో ఫ్రిజ్ మీద గుడ్డ కప్పుతారా? మా ఇంట్లో కప్పుతారు. ఫ్రిజ్ మీద, మిక్సీ మీద, కుట్టుమిషన్ మీద, ఆఖరికి నా కంప్యూటరు డబ్బా మీద కూడా. మా ఆవిడ చేత్తో అల్లిన లేసు గుడ్డ. చూడ్డానికి ముచ్చటగానే ఉండేది. ఆ డబ్బా నెత్తిన వేడిగాలి బయటికి పోయే జాలీ ఒకటుందని, ఈ గుడ్డ సరిగ్గా దానిమీదే పరుచుకుందని నాకు ఏడేళ్లపాటు తట్టలేదు.

2018లో కొన్న మిషను అది. రైజెన్ 5 1600 ప్రాసెసరు, బి350 బోర్డు, ఓ మోస్తరు గ్రాఫిక్స్ కార్డు. పేరుకు నాదే గానీ, వేసవి సెలవులకు పుంగనూరు నుంచి మేనల్లుడు దిగాడంటే దానిమీద నా హక్కు పోయినట్టే. 2025 మే నెలలో వచ్చి అరగంట ఆడాడో లేదో, "మామా, కారు పోతాపోతా ఎద్దులబండి అయిపోతా ఉండాది" అన్నాడు. ఏదో సాఫ్ట్‌వేరు పెట్టి వేడి చూశాడు. 94 అని చూపించింది. థర్మామీటర్లో 94 జ్వరమే కాదు కదా అన్నాను. వాడు నెత్తి కొట్టుకున్నాడు. "అది సెల్సియస్ మామా!"

అప్పుడు గుండె గుభేలుమంది. సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున్న మా మదనపల్లెలో నీళ్లు 98 దగ్గరే మరుగుతాయి. ఆ ప్రాసెసరుకు కంపెనీ పెట్టిన హద్దు 95. హద్దు దగ్గరికొచ్చేసరికి ప్రాణం కాపాడుకోడానికి తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. వాడు చూసిన ఎద్దులబండి అదే.

నాకు సిగ్గేసిన సంగతి మరొకటి. స్ట్రెప్టోమైసిన్ పుట్టక ముందు, క్షయకు మందంటే గాలి, తిండి, విశ్రాంతి మాత్రమే అయిన రోజుల్లో, ఎక్కడెక్కడి రోగులో మా ఊరి పక్కన ఆరోగ్యవరం శానిటోరియానికి వచ్చేవాళ్లు. ఈ పొడిగాలి కోసం! అట్లాంటి ఊళ్లో ఉండి నా మిషను గాలాడక జ్వరం తెచ్చుకుంది. నిజానికి ఫ్యాను ఎంత గొప్పదైనా ప్రాసెసరును గదిలోని వేడికంటే కిందికి దించలేదు. తిరుపతి ఎండలో ఇదే డబ్బా పెడితే లెక్క ఇంకొన్ని డిగ్రీల పైనుంచి మొదలవుతుంది. మాకా బాధ లేదు. మాకున్నది లేసు గుడ్డ.

పక్క రేకు విప్పాం. ఫ్యానుకూ దాని కింది అల్యూమినియం రెక్కలకూ మధ్య దుమ్ము పేరుకుని దుప్పటిలా మందంగా ఉంది. గోటితో పట్టి లాగితే ఒకే ముక్కగా వచ్చింది. ఇక కూలరు తీయాలి. నాలుగు స్క్రూలు విప్పి, ధైర్యంగా పైకి లాగాను. టప్‌మంది. చేతిలో కూలరు, దాని అడుగున అతుక్కుని ప్రాసెసరు! లాక్ మీట వేసింది వేసినట్టే ఉంది. మధ్యలో పూసిన పేస్టు ఏడేళ్లకు ఎండి బంకయిపోయింది. ఈ రకం ప్రాసెసరుకు అడుగున 1331 పిన్నులు, వెంట్రుకల్లాగా. అందులో మూడు వంగాయి. మేనల్లుడు పెన్‌పెన్సిల్లో ములుకు తీసేసి, ఆ గొట్టంలోకి ఒక్కో పిన్నూ దూర్చి నిలబెట్టాడు. పావుగంట సేపు నేను ఊపిరి తీసుకున్నట్టు గుర్తులేదు. మీరెప్పుడైనా కూలరు తీయాల్సొస్తే ముందు ఓ పది నిమిషాలు మిషను నడిపి, పేస్టు మెత్తబడ్డాక ఆపి, కరెంటు తీసేసి, కూలరును అటూ ఇటూ మెల్లగా తిప్పి, ఆ తర్వాతే ఎత్తండి.

కొత్త పేస్టు పూయబోతే మళ్లీ రభస. కారం దోసె మీద ఎర్రకారం దట్టించినట్టు దట్టించబోయాను, వాడు చెయ్యి పట్టుకున్నాడు. రెండు లోహాలూ కంటికి నున్నగా కనిపించినా మధ్యలో సన్నటి సందులుంటాయి. వాటిలో ఇరుక్కున్న గాలి వేడిని పోనివ్వదు. ఆ సందులు పూడ్చడమే పేస్టు పని. కందిపప్పు గింజంత చాలు. ఎక్కువైతే పేస్టే అడ్డుగోడ. సరే, దుమ్ము దులిపి, గింజంత పేస్టు పెట్టి, గుడ్డ తీసేసి నడిపితే అదే ఆటకు 71. పైసా ఖర్చు లేదు, పేస్టు ట్యూబు తప్ప.

మరి కొత్త ప్రాసెసరు ఎందుకు కొన్నావయ్యా అంటారా? అది వేడి గొడవ కాదు. ఆ ఏడాది అక్టోబరు 14తో విండోస్ 10 కి నూకలు చెల్లబోతున్నాయని తెలిసింది, విండోస్ 11 ఒప్పుకునే జాబితాలో నా 1600 లేదు. అదృష్టం ఏమంటే, 2022లో ఏఎండీ పాత బి350 బోర్డులకు కూడా 5000 వరస ప్రాసెసర్లను ఒప్పుకుంది. సాకెట్టు అదే. 5800ఎక్స్3డీ తెప్పించుకోమని కొందరన్నారు. 96 మెగాబైట్ల ఎల్3 క్యాష్, ఆటలకు రాజా, కానీ 105 వాట్లు. నా పాత గ్రాఫిక్స్ కార్డు పక్కన అది ఎడ్లబండికి విమానం ఇంజను. "మా ఊరి ఆవు లాంటిది కొను మామా" అన్నాడు మేనల్లుడు. మూడడుగులు ఉండీ లేని పుంగనూరు ఆవు, గుప్పెడు గడ్డి తిని చిక్కటి పాలిస్తుంది. అట్లా రైజెన్ 5 5600 ఖాయమైంది. పాతదానిలాగే ఆరు కోర్లు, అదే 65 వాట్లు, పని మాత్రం చాలా ఎక్కువ.

కుప్పంలో ఉన్న మా బావమరిదికి ఫోన్ చేశా. వాడికి బెంగళూరంటే పక్క వీధి. రైలెక్కి పోయి, కంప్యూటరు సామాన్లమ్మే ఎస్పీ రోడ్డులో తెలుగు, తమిళం, కన్నడం మూడింట్లోనూ బేరమాడి, ప్రాసెసరుతో పాటు ఓ టవర్ కూలరు కూడా పట్టుకొచ్చాడు. "ఈ రాగి గొట్టాల్లో ఏముంది బావా?" అని వాడి అనుమానం. ఇడ్లీపాత్రే ఉందన్నాను. లోపల చెంచాడు కూడా లేని నీళ్లు, వేడి చివర ఆవిరై, చల్లటి చివరకు పోయి, మూతకు పట్టిన చెమటలా నీళ్లయి, లోపలి గోడ పట్టుకుని మళ్లీ కిందికి వస్తాయి.

కొత్తది పెట్టేముందు పాత ప్రాసెసరుతోనే బోర్డులోని బయోస్ సాఫ్ట్‌వేరు మార్చాలి. ఆ ఐదు నిమిషాల్లో కరెంటు పోతే బోర్డు చచ్చినట్టే. ఇన్వర్టరు ఉంది గదా అని కూర్చున్నా. సగంలో సీలింగ్ ఫ్యాను ఒక్క క్షణం ఆగి మళ్లీ తిరిగింది. మేనల్లుడూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. స్క్రీను మీద గీత మాత్రం పాకుతూనే ఉంది.

ఇప్పుడు ఎంత ఆడినా 66 దాటడం లేదు. పాత 1600 కుప్పం వెళ్లింది, బావమరిది కొడుకు దానికో బోర్డు వెతుకుతున్నాడు. డబ్బా నెత్తి ఖాళీగా ఉంది. లేసు గుడ్డ ఏమైందంటారా? నిన్న చూశా, ఇన్వర్టరు మీద ఉంది. మా ఆవిడతో ఇంకా మాట్లాడలేదు.