సకలమా, శకలమా?

బడిపంతులునకు మోటారుసైకిలేల, మోటారుసైకిలునకు సంగీతమేల యని చదువరులు మమ్మడుగవచ్చును. మొదటి ప్రశ్నకు మాయొద్ద ఉత్తరము కలదు. మేము తార్నాకలో కాపురముండి, వారమునకు ఆరు దినములు సంస్కృతమును ఆంగ్లమును బోధించి, ఏడవ దినమున ఊరు విడిచి పోవలెనను కోరిక గలవారము. నలువది దాటిన పిమ్మట, ఒకరు వాడి విడిచిన దూరప్రయాణపు మోటారుసైకిలును కొంటిమి. దాని ముందుకవచములో రెండు స్పీకర్లు అమర్చబడియుండెను. రెండవ ప్రశ్నకు ఉత్తరము చెప్పుటకు మాత్రము మాకు చాలకాలము పట్టినది.

ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణలో చెట్లనీడను మెల్లగా పోవునపుడు ఆ స్పీకర్లు చక్కగనే పాడెడివి. ఉప్పల్ దాటి వరంగల్లు దారి పట్టి, భువనగిరి కొండ కనబడు వేళకు పాట మాయమై గాలి యొక్కటే మిగిలెడిది. స్పీకర్లు దుర్బలములని మేము తీర్పు చెప్పితిమి. గాలిని నిందింపవలెనని మాకు తోచలేదు. మనకు వినబడనివానిని గొంతులేనివాడనుకొనుట మనకు అలవాటే గదా!

కోఠిలోని గుజరాతీ గల్లీకి పోయి, పనివానిని విచారించితిమి. "సార్, స్పీకర్లొక్కటే మారిస్తే లాభం లేదు, ఆంప్లిఫైయరు కూడా పెట్టాలి" అని అతడు చెప్పెను. శక్తిని రెట్టింపు చేసినను ధ్వని పెరుగునది 3 డెసిబెళ్లే. చెవికి రెట్టింపుగా తోచవలెనన్నచో సుమారు 10 డెసిబెళ్లు పెరుగవలెను. దానికి పదిరెట్ల శక్తి కావలెను. ఇరువది వాట్లున్నచోట రెండువందలన్నమాట. వానకు చెడని స్పీకర్లు, బ్యాటరీనుండి నేరుగా ఫ్యూజుతో తెచ్చిన లావుపాటి తీగ, సీటుక్రింద ఆంప్లిఫైయరు, అన్నియు అమర్చబడెను. ఇంటికి సున్నము వేయించుటకు దాచిన సొమ్ము దీనికి చెల్లిపోయెను. "గోడలకు చెవులుంటాయంటారు, ఈ యేడు వాటిక్కూడా పాటలే కాబోలు" అని మా యింటివారు అనిరి.

ఆ ఆదివారము గాలి ఓడిపోయినది. తొంబది కిలోమీటర్ల వేగమున పల్లవియు చరణమును స్పష్టముగా వినబడెను. రాత్రి ఇల్లు చేరుసరికి చెవులలో తుమ్మెదలు మ్రోగుచుండెను. అది విజయఘోషమని యనుకొంటిమి.

సోమవారము తొమ్మిదవ తరగతిలో ఒక బాలిక సంస్కృతపాఠము చదువుచుండెను. మెల్లని కంఠముగల పిల్ల. "సకలము" అనవలసినచోట "శకలము" అన్నట్లు మాకు వినబడెను. సకలమనగా సమస్తము, శకలమనగా ముక్క. మరల చదువుమంటిమి. మరల అట్లే వినబడెను. "నేను సకలమనే చదివాను సార్" అని ఆ పిల్ల తలవంచి చెప్పినది. ఎదురు చెప్పుచున్నదని మందలించి, ఆ రెండు మాటలను పదిసారులు వ్రాయించితిమి. తరగతి నవ్వినది. ఆనాటినుండి ఆ పిల్ల మా గంటలో నోరు విప్పలేదు.

రెండు నెలలు గడచెను. ప్రతి సోమవారమును పిల్లల ఉచ్చారణ చెడుచున్నట్లే తోచెను. ఇంట ఫోను మ్రోగినను మేము లేవకుండుట చూచి, మా యింటివారు బలవంతముగా చెవివైద్యునియొద్దకు తీసికొనిపోయిరి. వైద్యుడు పరీక్షచేసి ఒక పటము చూపెను. రెండు చెవులలోను 4000 హెర్ట్జుల సమీపమున గీత గోతిలోనికి దిగినట్లు దిగియుండెను. పెద్ద ధ్వనులవలన మొదట దెబ్బతినునది ఆ ప్రాంతమే. లోచెవిలోని రోమకణములు ఒకసారి నశించినచో మనుష్యులలో తిరిగి మొలవవు. అచ్చులు తగ్గుశ్రుతిలో నుండును గనుక చెవి వానిని పట్టుకొనును. ఊష్మములైన శ, ష, స లు హెచ్చుశ్రుతిలో నుండును గనుక జారవిడుచును. శిక్షాశాస్త్రము చదివిన మాకు వర్ణముల జన్మస్థానములు తెలియును. వాని మరణస్థానము మా చెవియే యని అప్పుడు తెలిసినది.

85 డెసిబెళ్ల ధ్వనిని దినమునకు ఎనిమిది గంటలవరకు సహింపవచ్చునట. ఆపైన ప్రతి 3 డెసిబెళ్లకు కాలము సగమగును: 94 అయినచో ఒక గంట, 100 అయినచో పదునైదు నిమిషములు. శిరస్త్రాణము క్రింద గాలిహోరే వేగమునందు 90 దాటును. దానిని మించి పాడించిన స్పీకర్లతో మేము గంటలకొలది ప్రయాణము చేసితిమి! శత్రువును జయించుటకు ఇంటికే నిప్పు పెట్టుకొంటిమి.

మరియొక సంగతి చెప్పక తప్పదు. వీధిలోని పెండ్లిపందిళ్ల డీజేలపై అర్జీలు వ్రాసినవారలలో మేమును ఒకరము. 2024లో నగర పోలీసులు మతపరమైన ఊరేగింపులలో డీజేలను నిషేధించినప్పుడు సంతోషించితిమి. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు ఆసుపత్రులు, విద్యాలయముల చుట్టును 100 మీటర్లలోపల నిశ్శబ్దమండలమును కల్పించినవనియు, అందు పగలు 50, రాత్రి 40 డెసిబెళ్లే హద్దనియు పిల్లలకు బోధించితిమి. ఆ మేమే ఒక సాయంకాలము 1939లో ప్రారంభమైన ఆర్ట్సు కళాశాల భవనము ముందునుండి పాట మ్రోగించుచు పోయితిమి. చెట్లక్రింద ఉద్యోగపరీక్షలకు చదువుకొనుచున్న యువకులలో ఒకడు పుస్తకము మూసి, మేము దాటిపోవువరకు ఓపికతో కూర్చుండెను. ఆనాడు అతడు మా పాటను మెచ్చుచున్నాడని యనుకొంటిమి.

ఇప్పుడు ప్రయాణమునందు చెవులలో మెత్తని బిరడాలు పెట్టుకొనుచున్నాము. అవి గాలిని, పాటను కూడ తగ్గించును; హారను వినబడుచునే యుండును. గాలి తగ్గగా చిన్నపాటయే చాలుచున్నది. పాత స్పీకర్లే సరిపోయి యుండెడివి. విశ్వవిద్యాలయపు ద్వారము చేరగనే మీట నొక్కి పాట ఆపుచున్నాము.

అన్నిటికంటె కష్టమైన పని తరగతిలో జరిగినది. నలుబదిమంది యెదుట ఆ బాలికతో, "అమ్మా, నీవు సరిగానే చదివితివి. తప్పు మా చెవిది. దానికి నిన్ను శిక్షించితిమి" అని చెప్పితిమి. ఈసారి తరగతి నవ్వలేదు. మొదటి బల్లపై కూర్చుండి మరల చదువుమని కోరితిమి. చాలసేపు ఆ పిల్ల నోరు విప్పలేదు. పిమ్మట చదివినది. అది సకారమో శకారమో మాకు నిశ్చయముగా తెలియలేదు. అయినను "సరి" అంటిమి. ఆమె మాటను నమ్మి అన్న మాట అది.