ఐదో గేరూ, మౌలిక స్వరూపమూ

పాత కార్ల ప్రేమికుల్లో రెండు పార్టీలున్నాయి. ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున కారు ఎలా ఉందో, ఆఖరి బోల్టు దాకా ఇప్పుడూ అలాగే ఉండాలనేది ఒక పార్టీ. కారన్నాక రోడ్డు మీద తిరగాల్సిందే అనేది రెండో పార్టీ. ఎన్నికల ముందు సీట్ల సర్దుబాటైనా కుదురుతుందేమో గానీ ఈ ఇద్దరికీ మధ్య రాజీ కుదరదు. గత ఏడాది ఆ తగవు మా ఇంట్లోకే వచ్చింది. కారణం హైదరాబాద్‌లో మా బాబాయి దగ్గరున్న 1966 నాటి ఎంజీబీ.

రెండు సీట్లు, మడిచే టాపు, 1,798 సీసీ ఇంజిన్. ఇంగ్లండ్‌లోని అబింగ్డన్ ఫ్యాక్టరీ 1962 నుంచి 1980 దాకా ఇలాంటివి ఐదు లక్షలకు పైగా తయారుచేసింది. మన దేశంలో అరుదైనా ఈ కారు వంశం మనకు కొత్త కాదు. అంబాసిడర్‌ను దశాబ్దాల తరబడి లాగిన 1,489 సీసీ పెట్రోలు ఇంజిన్ కూడా బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి 'బి సిరీస్' కుటుంబానిదే. అందుకే అంబాసిడర్ల మీద చేయి తిరిగిన మెకానిక్ దీని బానెట్ ఎత్తినప్పుడు పాత చుట్టాన్ని చూసినట్టు నవ్వుతాడు.

చిక్కంతా గేర్‌బాక్స్‌తోనే. గేరు మార్చేటప్పుడు వేర్వేరు వేగాలతో తిరుగుతున్న భాగాలను ముందుగా సమం చేసేందుకు ఇత్తడి రింగులుంటాయి. దీన్నే సింక్రోమెష్ అంటారు. 1967 చివర్లో మార్క్ 2 మోడల్ వచ్చేదాకా ఎంజీబీ ఫస్ట్ గేరుకు ఆ సదుపాయం లేదు. కదులుతున్న కారును ఫస్ట్‌లోకి దించాలంటే క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, వదిలి, యాక్సిలరేటర్ ఇచ్చి, మళ్లీ క్లచ్ తొక్కాలి. లేదంటే పళ్లు గరగరలాడతాయి. ఖాళీ రోడ్డు మీద అదో విద్య. పంజాగుట్టలో సాయంత్రం ఆరు గంటలకు శిక్ష. పైగా సెకండ్ గేరు రింగు కూడా అరిగిపోయింది. బాబాయికి 71 ఏళ్లు. ఎడమ మోకాలు ఎప్పుడో మొరాయించింది.

హైవే మీద మరో తంటా. నాలుగో గేరులో గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోవాలంటే ఇంజిన్ నిమిషానికి 3,400కు పైగా చుట్లు తిరగాలి. విజయవాడ చేరేసరికి ఆ హోరుకు చెవులు దిబ్బడ వేస్తాయి. ఫలితం, మూడేళ్లుగా కారు టార్పాలిన్ కిందే.

ఐదు గేర్ల బాక్స్ వేయిద్దామని బాబాయి అనగానే ఆయన పాత మిత్రుడొకరు భగ్గుమన్నారు. ఆయన వింటేజ్ ర్యాలీల మనిషి. "అది తీసేశాక నీ దగ్గర ఉండేది ఎంజీబీ కాదు, ఎంజీబీ వేషం" అన్నారు. కొట్టిపారేయగల మాట కాదది. సౌకర్యం పేరుతో పాత కార్లలో డీజిల్ ఇంజిన్లు కుక్కి, వాటి కోసం బాడీ కోసి, తిరిగి బాగు చేయలేనంతగా పాడుచేసిన వైనాలు మన ఊళ్లలో కొల్లలు. ఆ క్లచ్ విద్య కూడా కారుతో పాటు మనకు అందిన వారసత్వమే. బాబాయిది మాత్రం ఒకటే ప్రశ్న: "ఒరేయ్, ఇది నా కారా, పురావస్తు శాఖదా?"

రాజనీతి శాస్త్రం చదివిన పాపానికి నాకు కేశవానంద భారతి కేసు గుర్తొచ్చింది. రాజ్యాంగాన్ని పార్లమెంటు సవరించవచ్చు గానీ దాని మౌలిక స్వరూపాన్ని చెరపరాదని 1973లో 13 మంది న్యాయమూర్తుల ధర్మాసనం 7-6 మెజారిటీతో తేల్చింది. కారుకూ అదే కొలత ఎందుకు పెట్టకూడదు? ఎంజీబీని ఎంజీబీ చేసేది ఆ బాడీ, ఆ ఇంజిన్, దాని గొంతు. ఇప్పుడు గుజరాత్‌లోని హలోల్‌లో తయారయ్యే ఎస్‌యూవీల మీదా అదే ఎంజీ బిళ్ల ఉంది. అక్కడ పేరు ఉండి వంశం పోయింది. గేర్‌బాక్స్ మార్చడం దాంతో సమానమా?

ప్రభుత్వం గీసిన గీత కూడా ఇంచుమించు ఇక్కడే ఉంది. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం వాహనానికి 50 ఏళ్లు దాటాలి, అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో మార్పులు చేసి ఉండకూడదు. గేర్‌బాక్స్ మాట అందులో లేదు. రిజిస్ట్రేషన్ వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని మరింత బిగించింది. కానీ ఆర్‌సీలో ఉండేది ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరే గానీ గేర్‌బాక్స్ నంబరు కాదు. అయితే వాదించదలచినవారికి 'అసలు రూపం' అన్న ఒక్క మాట చాలు. అందుకే బాబాయికి ఒకే షరతు పెట్టాను: లోహం కోయకూడదు, వెల్డింగు చేయకూడదు, తీసిన ప్రతిదీ తిరిగి బిగించేలా ఉండాలి.

మేం ఎంచుకున్నది ఫోర్డ్ 'టైప్ 9' గేర్‌బాక్స్. 1980లలో బ్రిటన్‌లో తిరిగిన ఫోర్డ్ సియెరాలోది. దాన్ని ఎంజీబీకి అమర్చే కిట్లు అక్కడ దొరుకుతాయి. పనికి ఆరు రోజులు పట్టింది. ఎంజీబీలో గేర్‌బాక్స్‌ను విడిగా కిందికి దించలేం. ఇంజిన్‌తో కలిపి పైకి లేపాల్సిందే. ఇంజిన్‌కూ కొత్త బాక్స్‌కూ మధ్య అల్యూమినియం బెల్ హౌసింగ్ వచ్చింది. ఫోర్డ్ షాఫ్టు గాడులకు సరిపడే క్లచ్ ప్లేటు, క్రాంక్ షాఫ్టు కొనకు కొత్త బుష్, వెనుక కొత్త మౌంటింగ్, స్పీడోమీటరుకు కొత్త కేబుల్ పడ్డాయి. పాత బాక్స్‌లో ఇంజిన్ ఆయిలే పోసేవారు. దీనికి గేర్ ఆయిల్ కావాలి. ఆ సంగతి చెబితే మెకానిక్ రెండుసార్లు అడిగి నిర్ధారించుకున్నాడు. గేరు రాడ్డు పాత రంధ్రంలోంచే పైకొచ్చింది. రంపం బయటికి తీయాల్సిన పని పడలేదు.

అంకెలు చూస్తే బాబాయి మిత్రుడి భయం సగం తగ్గాలి. పాత ఫస్ట్ గేరు నిష్పత్తి 3.64, కొత్తది 3.65. మూడోది రెండింటిలోనూ 1.37. నాలుగోది ఒకటే. కాస్త తేడా ఉన్నది సెకండ్‌లోనే. అసలు మార్పు 0.82 నిష్పత్తి గల ఐదో గేరు. దాంతో 100 కిలోమీటర్ల వేగానికి ఇంజిన్ 2,800 చుట్లతో సరిపెట్టుకుంటుంది. ఆ మాటకొస్తే, అదనంగా డబ్బు కట్టినవారికి అబింగ్డన్ కూడా ఇదే పని కోసం ఓవర్‌డ్రైవ్ అమర్చి ఇచ్చింది. నాలుగు గేర్లు చాలవని తయారీదారుకూ తెలుసన్నమాట.

పోయినదీ ఉంది. ఫస్ట్ గేరు చేసే సన్నని రాగం ఇప్పుడు లేదు. సరిగ్గా వేసినప్పుడు కలిగే చిన్న గర్వమూ లేదు. బాబాయి మిత్రుడు ఒకసారి నడిపి చూసి, "బాగుంది, అదే బాధ" అన్నారు.

ఆయనకు చూపించడానికి నా దగ్గర ఒకటే జవాబుంది. పాత గేర్‌బాక్స్‌ను గ్రీజు పూసి, ప్లాస్టిక్‌లో చుట్టి, బోల్టులన్నీ సంచీలో కట్టి చెక్కపెట్టెలో పెట్టాం. 1976లో వచ్చిన 42వ సవరణలోని ఎన్నో అంశాలను 1978లో 44వ సవరణ వెనక్కి తిప్పింది. తిప్పగలగడమే ప్రజాస్వామ్యపు ఆరోగ్యం. రేపు ఈ కారు ఎవరి చేతికి వెళ్లినా, వారికి పాత విద్య కావాలనిపిస్తే ఆరు రోజుల పని. అప్పటిదాకా టార్పాలిన్‌ను మడిచి డిక్కీలో పెట్టాం, దారిలో వానొస్తే పనికొస్తుందని.