పలెర్మోలో శనగపిండి

ఏ ఊరెళ్ళినా ముందు ఓ స్ప్రెడ్‌షీట్ తయారుచేసుకోవడం నాకలవాటు. సిసిలీ కోసం చేసినదాంట్లో మూడు కాలమ్స్: తినేవి, తాగేవి, చూసేవి. అమ్మ కూడా వస్తుందని ఖాయమయ్యాక నాలుగోది కలిపాను: "అమ్మ తింటుందా?" దాని కింద చాలాచోట్ల "లేదు" అనే పడింది.

అమ్మ మ్యూనిక్‌లో నా దగ్గరికొచ్చి అప్పటికి మూడు వారాలు. వచ్చేముందే రాజమండ్రిలో మా ఇంటిని డెవలప్‌మెంట్‌కి ఇస్తూ సంతకం పెట్టింది. పెట్టమని ఆరు నెలలు ఫోన్లో పోరుపెట్టింది నేనే. "అంత ఇంట్లో ఒక్కదానివీ ఎలా ఉంటావమ్మా, రెండు ఫ్లాట్లొస్తాయి" అని. వచ్చాక తను ఆ మాటెత్తలేదు. నేనూ ఎత్తలేదు. సెప్టెంబర్‌లో నాలుగు రోజులు సెలవు దొరికితే పలెర్మోకి టికెట్లు కొనేశాను.

పలెర్మోనే ఎందుకంటే, 'ది లెపర్డ్' నవల వల్ల. రాసిన జుసెప్పె తొమాసి ది లంపెదూసా ఆ ఊరివాడే. అరవైకి దగ్గరపడుతుండగా కలం పట్టి, ఆ ఒక్క నవలా పూర్తిచేశాడు. ఇద్దరు ప్రచురణకర్తలు వద్దన్నారు. 1957లో ఆయన పోయాడు, 1958లో పుస్తకం వచ్చింది. ఆయన నడిచిన వీధులు చూడాలని నాకెప్పట్నుంచో ఉంది.

మొదటిరోజు పొద్దున్నే బల్లరో మార్కెట్‌కి వెళ్ళాం. పలెర్మోలో ఒక్కచోటికే వెళ్ళే వీలుంటే అక్కడికే వెళ్ళండి, అదీ పొద్దుటిపూట. కూరగాయల గుట్టలు, చేపల బల్లలు, పాటలాగా సాగదీసి అరిచే అమ్మకందార్లు. ఓ బండి దగ్గర దూడ ప్లీహాన్ని కొవ్వులో వేయించి బన్నులో పెడుతున్నారు. అమ్మ చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని గబగబా దాటేసింది. నాలుగడుగులు వేసి ఇంకో బండి దగ్గర ఆగిపోయింది.

"ఏరా, ఇది శనగపిండి కదూ?"

నిజమే. పనెల్లె అంటారు వాటిని. శనగపిండిని నీళ్ళలో గట్టిగా ఉడికించి, పార్స్‌లీ ఆకు తరిగి వేసి, పల్చగా పరిచి, ఆరాక ముక్కలు కోసి నూనెలో వేయిస్తారు. నువ్వులద్దిన బన్నులో నాలుగైదు పెట్టి, పైన నిమ్మకాయ పిండుకుని తినాలి. అమ్మ బన్ను నా చేతికిచ్చేసి, లోపలివి మాత్రం తింది.

"బజ్జీలో వంకాయ పెట్టడం మర్చిపోయారు. అయినా బానే ఉందిరా."

వంకాయ మధ్యాహ్నం దొరికింది. కపొనాత అని, వేయించిన వంకాయ ముక్కలు, సెలరీ, ఆలివ్‌లు, టమాటా కలిపి వెనిగర్‌తో, పంచదారతో వండే పుల్లతీపి కూర. అమ్మ ఓ ముద్ద తిని, "చింతపండు దొరక్క వెనిగర్ పోసుంటారు పాపం" అంది. వంకాయనీ నిమ్మనీ చెరకునీ ఈ ద్వీపానికి తెచ్చింది అరబ్బులని చెప్పాను. 831లో పలెర్మో వాళ్ళ వశమైంది. తర్వాతొచ్చిన నార్మన్ రాజులు ఊరు గెలుచుకున్నా, అరబ్ పనివాళ్ళని వదులుకోలేదు. రాజప్రాసాదంలోని కపెల్లా పలాతీనా చర్చికి వెళ్తే గోడల మీద బైజాంటిన్ శైలి బంగారు మొజాయిక్‌లు, నెత్తిన అరబ్ శైలి చెక్క కప్పు. మెడ నొప్పెట్టేదాకా చూశాం.

శాకాహారులకి రెండు జాగ్రత్తలు. స్ఫిన్‌చోనె అనే మెత్తటి పిజ్జాలో టమాటా మాటున ఆంచొవీ చేపలుంటాయి, అడగండి. మధ్యాహ్నం మూడు దాటితే చాలా హోటళ్ళు మూసేస్తారు, మళ్ళీ రాత్రి ఎనిమిదికి కానీ భోజనం పెట్టరు. ఏడింటికల్లా తినేసే అమ్మలాంటివాళ్ళని ఆదుకునేది అరన్చీన. కుంకుమపువ్వు వేసిన అన్నాన్ని ఉండచేసి, లోపల ఏదో ఒకటి కూరి వేయిస్తారు. పాలకూరది అడిగి తీసుకున్నాం. పలెర్మోలో దాన్ని స్త్రీలింగంలో అరన్చీన అనాలి, కటానియాలో పుంలింగంలో అరన్చీనో. ఈ విషయంలో రెండు ఊళ్ళకీ పడదు.

మూడోరోజు సాయంత్రం లంపెదూసా వీధికి వెళ్ళాం. ఆయన పుట్టిన ఇల్లు అక్కడే. పుట్టిన గదిలోనే పోవాలనుకున్నాడట. 1943 ఏప్రిల్‌లో అమెరికన్ బాంబులు పడి ఆ ఇల్లు కూలిపోయింది. ఆయన రోమ్‌లో చనిపోయాడు. దశాబ్దాలపాటు శిథిలంగానే ఉన్న ఆ ఇంటిని ఈ మధ్యే మళ్ళీ కట్టి అపార్ట్‌మెంట్లు చేశారు.

ఇదంతా అమ్మకి చెప్పుకుంటూ వచ్చాను. చివరిమాట దగ్గరికొచ్చాకగానీ ఏం చెప్తున్నానో నాకు తట్టలేదు. అమ్మ తలెత్తి బాల్కనీల వంక కాసేపు చూసింది.

"వాళ్ళకెన్ని ఫ్లాట్లొచ్చాయిరా?"

వెటకారం కాదు, నిజంగానే అడిగింది. నాకు గొంతులో ఏదో అడ్డం పడింది. తెలీదన్నాను.

తర్వాత సముద్రం ఒడ్డున బెంచీ మీద కూర్చుని నిమ్మకాయ గ్రనీతా తిన్నాం. పంచదార నీళ్ళూ నిమ్మరసమూ కలిపి, గడ్డకట్టేటప్పుడు కలియతిప్పుతూ చేసే మంచు అది. అమ్మకి పళ్ళు జివ్వుమన్నాయి. లంపెదూసా ఆ ఇంటి గురించి, గదులన్నిటి గురించి, తన చిన్నతనం జ్ఞాపకాల్లో రాసుకున్నాడని చెప్పాను.

"పోయాక రాశాడా?"

"పోయాకే."

"సారీ అమ్మా" అనబోయాను. అప్పటికే తను వేలు మడిచి లెక్కపెడుతోంది. వీధరుగు, నాన్న కుర్చీ ఉండే వసారా, నడవ, పడమటి గది, వంటిల్లు. నేను ఫోన్ తీసి, స్ప్రెడ్‌షీట్‌లో కొత్త పేజీ తెరిచి ఒక్కోటీ టైప్ చేశాను. వంటింటి తర్వాత, తను చెప్పకముందే, "బావి, వెనకవైపు" అని కొట్టాను.

అమ్మ కళ్ళజోడు సర్దుకుని ఫోన్‌లోకి వంగి చూసింది.

"వెనక కాదురా. తూర్పున, నిమ్మచెట్టు పక్కన. సరిగ్గా రాయి."